లేవని బంతి

మొన్న శనివారం మా కూతురికీ అల్లుడికీ ఆఫీసు మీటింగులు తెమలకపోవడంతో మనవరాలిని ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు తీసుకెళ్ళే పని నా మీద పడింది. కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాక ఒక షాపుల భవనం మీద, నాలుగో అంతస్తులో, ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూతా పైనా వల బిగించి కట్టిన చిన్న మైదానం ఉంది, దాన్ని టర్ఫ్ అంటారట. లిఫ్టెక్కి గ్రౌండుకు పోవడం నా జన్మలో అదే మొదటిసారి. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లల చేత ఆటలాడించి రిటైరైన పీఈటీ టీచర్ని కదా, ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న తల్లిదండ్రుల మధ్య నేనొక్కదాన్నే వలకు ముక్కు ఆనించి నిలబడ్డాను. పిల్ల బాగానే ఆడుతోంది, కాళ్ళలో వేగం ఉంది, తల ఎత్తి నలుదిక్కులా చూస్తోంది. కానీ ఎవరైనా ఎదురొచ్చినప్పుడల్లా బంతిని పక్క వలకేసి తన్ని, అది తగిలి వెనక్కి వచ్చేలోపు ముందుకు ఉరికి అందుకుంటోంది. ప్రతిసారీ అదే ఎత్తు, ప్రతిసారీ నెగ్గింది, వాళ్ళ కోచ్ చప్పట్లు కొట్టాడు. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల రాష్ట్ర జట్టుకు సెలెక్షన్స్ పై ఆదివారం పెద్ద గ్రౌండులో జరుగుతాయి, అక్కడ పక్కన వల ఉండదు. ఇలాంటి తప్పు నేను ఒకసారి చూశాను, చూడడమే కాదు, దాన్ని నేర్పిందీ నేనే.

మాది అనంతపురం వైపు. మా ఆయనకు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తలోనే ఇక్కడికి చేరాం, చేతిలో వ్యాయామ విద్య డిప్లొమా ఉంది కాబట్టి కార్మికుల పిల్లలు చదివే ఒక బడిలో నాకూ పని దొరికింది. అప్పటికి హైటెక్ సిటీ అన్న మాటే పుట్టలేదు. కొత్తగూడ వైపు బండరాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ ఉండేవి కావు, అక్కడ ఎవరైనా జాగా కొన్నామంటే అయ్యో అని జాలిపడేవాళ్ళం, నా ఈడువాళ్ళకు అది బాగా తెలుసు. జాలిపడిన నేనే ఇవాళ అదే కొత్తగూడలో పద్నాలుగో అంతస్తులో కూర్చుని ఇది రాస్తున్నాను.

మా బడి గ్రౌండంతా మొరం, గులకరాళ్ళు కలిసిన గట్టి ఎర్రమట్టి. రోజూ ఆట మొదలయ్యే ముందు ఆడపిల్లలూ నేనూ వరసగా వంగి ఈ చివర నుంచి ఆ చివరకు రాళ్ళు ఏరేవాళ్ళం, మర్నాటికి మళ్ళీ అన్ని రాళ్ళూ ఎక్కడి నుంచి వచ్చేవో ఆ దేవుడికే తెలియాలి. ఫ్యాక్టరీల వాసన మా వైపు కొట్టిన రోజు ఆట బంద్, గాలి వాటం చూసి విజిల్ వేసేదాన్ని. అన్నల నిక్కర్లు బొందు బిగించి కట్టుకుని, తెల్ల కాన్వాస్ బూట్లు తొడుక్కుని వచ్చేవాళ్ళు నా పిల్లలు. ఇంటి నుంచి కుక్కర్ నిండా ఉడకేసిన పల్లీలు పట్టుకెళ్ళేదాన్ని, ఆట అయ్యాక ఆ పల్లీల కోసం గ్రౌండులో జరిగే ఆట అసలు ఆటకంటే గట్టిగా ఉండేది.

మొరం నేల మీద బంతి పడిందంటే తల ఎత్తు లేస్తుంది. దాని మీదికి ఉరికినవాళ్ళు తెల్లమొహం వేసుకోవాల్సిందే, బంతి నెత్తి మీదుగా వెనక్కి పోతుంది. అందుకని మా అనంతపురం గ్రౌండులో మా సారు నాకు నేర్పిన సూత్రాన్నే నేనూ నా పిల్లలకు నేర్పాను. బంతి పడేటప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యి, లేవనియ్యి, లేచాక ఛాతీతో ఆపు. దాన్ని పిల్లల ఒంట్లోకి ఎంతగా ఎక్కించానంటే, బడి మెట్ల మీద నుంచి సంచీ పడ్డా ముందు రెండడుగులు వెనక్కి వేసి అప్పుడు పట్టుకునేవాళ్ళు. జిల్లాలో ఏ బడికి వెళ్ళినా అదే మొరం, అదే సూత్రం, కాబట్టి మేం గెలుస్తూ పోయాం. నాకు కాస్త గర్వం కూడా తలకెక్కింది, ఎందుకు దాచుకోవాలి.

ఆ జట్టులో ప్రాణమంతా మా స్టాపరు పిల్ల. గోలుకు ముందు నిలబడి వచ్చే బంతినల్లా ఆపే స్థానాన్ని స్టాపర్ అనేవాళ్ళం. వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పని చేసేది. తొమ్మిదో తరగతి పిల్ల, సన్నగా పొడుగ్గా ఉండేది, మాట తక్కువ. నేను చెప్పిన సూత్రాన్ని ఆ పిల్ల పాటించినంత శ్రద్ధగా ఇంకెవరూ పాటించలేదు. ఆ ఏడు అప్పటి ఉమ్మడి రాష్ట్రం జట్టుకు మా బడి నుంచి తననొక్కదాన్నే ఎంపిక చేశారు, జట్టుకు తోడుగా నన్నూ పంపారు. వాళ్ళమ్మ స్టేషనుకు వచ్చి, కూతురి చేతిని నా చేతిలో పెట్టి, ఈ ఆటతోనే దీనికి నౌకరీ వస్తదని అందరంటున్నరు మేడమ్, జర చూసుకోండని మరీ మరీ చెప్పింది.

పోటీలు కేరళలో. దసరా సెలవులు అప్పుడే ముగిశాయి, మనకు వానలు తగ్గుముఖం పట్టాయి గానీ అక్కడ ఎడతెరిపి లేదు. చీలమండ దాకా గడ్డి, గడ్డి నిండా నీళ్ళు. అన్ని రాష్ట్రాల నుంచీ ఆడపిల్లలు వచ్చారు. మణిపూర్ పిల్లలు కొండదారుల్లో పెరిగినవాళ్ళట, ఎంత పరుగెత్తినా ఆయాసం తెలియదు. బెంగాల్ పిల్లలు బురదలో ఆడీ ఆడీ బంతిని పాదానికి అంటించుకుని తిరిగేవాళ్ళు. అందరిదీ అదే ఆట, ఎవరి నేల వాళ్ళ చేత ఒక్కో రకంగా ఆడిస్తోంది, అంతే. ఇది ఇప్పుడు తీరుబడిగా కూర్చుని చెబుతున్నాను గానీ ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

మొదటి ఆటే స్థానిక పిల్లలతో. పైనుంచి బంతి వచ్చింది, మా స్టాపరు పిల్ల అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసి ఛాతీ విరిచి నిలబడింది. బంతి తడి గడ్డిలో చప్పున పడి అక్కడే ఆగిపోయింది. ఎదుటి పిల్ల తాపీగా వచ్చి దాన్ని తీసుకుని గోలు కొట్టింది. కాసేపటికి రెండోసారీ అంతే. కోపమొస్తే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది, గీత అవతల నుంచి అందరూ వినేలా అరిచాను.

"నిద్రపోతాండావా ఏమ్మే?"

మూడో గోలు కూడా అలాగే పడింది. సగం ఆట అయ్యాక ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి నిలబడింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నావైపు కాదు, గ్రౌండు వైపు చూస్తూ అడిగింది.

"మేడమ్, బంతి ఎందుకు లేస్తలేదు?"

నాకు జవాబు తెలియదు. తెలియదని అనలేక మొహం తిప్పుకున్నాను. జట్టు కోచ్ సారు తనను కూర్చోబెట్టి ఇంకో పిల్లను దింపాడు. మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే వెళ్ళి కేరళ పిల్లల ప్రాక్టీసు చూశాను. వాళ్ళు బంతి నేలకు చేరేలోపే ముందుకు వెళ్ళి అందుకుంటున్నారు, చిన్నప్పటి నుంచీ వాళ్ళకు అదే అలవాటు. నా సూత్రం మా మొరం వరకే పనికొస్తుందని అక్కడ తెలిసింది. పరుగున వెళ్ళి ఆ పిల్లకు చెప్పాలి కదా? చెప్పలేదు. టీచరన్నది పిల్ల ముందు తప్పు ఒప్పుకుంటే రేపు ఆ పిల్ల మాట వింటుందా అన్న అహం. రెండు పగళ్ళు రైల్లో ఎదురుబొదురుగా కూర్చున్నాం, అప్పుడూ చెప్పలేదు. తిరిగొచ్చాక ఆ పిల్ల నాలుగు రోజులు గ్రౌండుకు వచ్చి అందరితో కలిసి రాళ్ళు ఏరింది, ఐదో రోజు రాలేదు. రేపో మాపో వస్తుందిలే అనుకున్నాను. పదో తరగతి కాగానే వాళ్ళమ్మతో పాటు మూతలు బిగించడానికి వెళ్తోందని విన్నాను.

నాలుగేళ్ళ కిందట బంధువుల గృహప్రవేశానికి ప్రగతి నగర్ వెళ్ళినప్పుడు చెరువు గట్టున ఒకామె నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దండం పెట్టింది. అదే పొడుగు, కాస్త ఒళ్ళు చేసింది, పక్కన డిగ్రీ చదివే కొడుకు. పిల్లల సంగతులూ మోకాళ్ళ నొప్పులూ మాట్లాడుకున్నాం. ఇక వెళ్ళొస్తానంటుండగా నాకే ఆగలేదు, ఆ రోజు తప్పు నీది కాదమ్మా, నేను నేర్పిందే తప్పు అని చెప్పేశాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నవ్వుతూనే అంది.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే నేను ఆట బంద్ పెడుతుంటినా మేడమ్?"

అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది.

అందుకే నిన్న పొద్దున మనవరాలిని లేపి, తెలిసినవాళ్ళను బతిమాలి, ఒక కాలేజీ వాళ్ళ పెద్ద గ్రౌండుకు తీసుకెళ్ళాను. అక్కడి పిల్లలతో కలిపి ఆడించాను. నేను భయపడ్డట్టే జరిగింది. ఎదురొచ్చిన పిల్లను చూసి బంతిని పక్కకు తన్నింది, ముందుకు ఉరికింది, తిరిగి వస్తుందని కాలు చాచి నిలబడింది. బంతి గీత దాటి, ట్రాక్ దాటి, ప్రహరీ వరకూ దొర్లుకుంటూ పోయింది. ఎవరో నవ్వారు. పిల్ల మొహం ఎర్రబడింది, నా దగ్గరకు వచ్చి, అవ్వా, నాకు ఆట రాదా అని అడిగింది.

మన కాలంలో గ్రౌండ్లు ఎంత దూరమంటే అంత ఉండేవి, నేలే గట్టిది. ఇప్పుడు నేల మెత్తగా ఉంది, జాగానే లేదు. ఆ మొరం గ్రౌండులో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, రాళ్ళు ఏరే పని ఏ పిల్లకూ లేదు. బూట్లున్నాయి, కోచ్‌లున్నారు, గడ్డి చుట్టలు చుట్టి లారీలో వస్తోంది. పిల్ల మాత్రం అప్పటిలాగే అడుగుతోంది, తప్పు నాదేనా అని.

తప్పు నీది కాదు తల్లీ, నీకు నేర్పిన జాగాది, రా, ఇక్కడ ఎలా ఆడాలో ఇద్దరం చూద్దాం అన్నాను. ఆ మాట అనడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు ఆ వాన గ్రౌండు అంచున కూడా అంతే పట్టేది.