రజియా ఖాలా అస్గంధ్ పాలు

మొన్న ఉదయం మా ల్యాబులో ఒక పెద్దావిడ రక్తం ఇవ్వడానికి కూర్చొని, డాక్టరు చీటీ కోసం చేతిసంచి తెరిచింది. చీటీకంటే ముందు ఒక వాసన బయటికి వచ్చింది. ఇది పసుపు సీజను. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే మా బల్లల మీద కూడా పసుప్పచ్చటి పొర పేరుకుంటుంది, ఆర్మూరులో ముక్కుకు ఇంకేదీ తెలియదు. అయినా ఆ వాసనను వెంటనే పోల్చుకున్నాను. పెళ్లి బారాత్‌లో గుర్రం పక్కన నిలబడితే వచ్చే వాసన అది, కొంచెం మట్టి కలిసినట్టు ఉంటుంది. అశ్వగంధ వేరు. నేను పిన్ని వరసపెట్టి పిలిచే రజియా ఖాలా దాన్ని అస్గంధ్ అనేది. ఆ పెద్దావిడ చేతికి పట్టీ కడుతూ ఉంటే కూడా నా మనసు పెర్కిట్‌లోని ఖాలా ఇంటి వంటగదిలోనే ఉండిపోయింది.

ధర్పల్లి నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఖాలా ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగాను. అప్పటికి నాకు పెళ్లై ఏడు నెలలు. మా ఆయన షార్జా వెళ్లి మూడు నెలలు. ఖాలాకు అరవై దాటాయి. భర్త పోయాడు, కూతురు బోధన్‌లో కాపురం. ఖాలా తండ్రి యునానీ మందులిచ్చే హకీము. ఆయన దగ్గర నాడి పట్టడం నేర్చుకోలేదు గానీ వేర్లు ఎండబెట్టడం, నూరడం, వడకట్టడం నేర్చుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ మెడలు పట్టేసి నిద్రపట్టని ఆ వాడ ఆడవాళ్లు సాయంత్రం పూట ఆమె గడపలో కూర్చునేవాళ్లు. నేను దిగిన నెలలోపే ఆమె నన్నూ పట్టేసింది.

"కండ్లు గిట్ల గుంటలు పడ్డయేంది బేటీ? పండుకుంటలేవా?"

"పండుకుంటున్న ఖాలా. నిద్రే వస్తలేదు."

ముందు ఆమె అడిగినవన్నీ ప్రశ్నలే. కడుపుతో ఉన్నావా, థైరాయిడ్ గోలీలు మింగుతున్నావా, ఇంకేమైనా మందులున్నాయా? ఒక్కదానికి అవునన్నా వేరు ఇచ్చేది కాదు. పాలంటే నాకు వెగటు అన్నాను. సరేనని వేరు ముక్కలు నీళ్లలో వేసి, నీళ్లు సగానికి సగం మరిగేదాకా కాచి ఇచ్చింది. పది రోజులు ముక్కు మూసుకొని ఆ చేదు మింగాను. నిద్ర మాత్రం రాలేదు. అదే మాట చెబితే ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

"నాకెరుకనే. నీళ్లల్ల దాని సారం సగం గూడ దిగది. ఉత్త పొడి నోట్లె ఏస్కొని నీళ్లు తాగిన్రనుకో, కడుపుల మంట తప్ప ఇంకేం రాదు. నెయ్యిల ఏంచి బెల్లంతోని ముద్ద చేస్తే మంచిగ దిగుతది గని గది అరగాలె, నీ అసొంటి సన్నపోల్లకు కాదు. పాలే మంచిగ పనిచేస్తయి. జర వెగటు ఓర్సుకో."

"గివన్నీ మీ నాయన చెప్పిండా?"

"అబ్బా కొన్ని చెప్పిండు. మిగిలినయి నేనే తాగి చూసిన. ఒక్కొక్కటి పదేసి దినాలు."

చిన్న చెంచాలో సగం పొడి, శొంఠి, పటిక బెల్లం వేసి పాలు సన్నటి మంట మీద చాలాసేపు కాచేది. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చునేది. మూడు నాలుగు రోజుల్లో ఏమీ కాదని ముందే చెప్పింది. నిజంగానే కాలేదు. రెండో వారం చివర్లో ఒకరోజు తెల్లారి పాలవాడి గంటకుగానీ మెలకువ రాలేదు. కిందికి పరుగెత్తి చెప్పాను. ఆమె ఎప్పుడు పడుకున్నావు, మధ్యలో ఎన్నిసార్లు లేచావు, లేచాక తల బరువుగా ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. మా ల్యాబులో కూడా అంత ఓపికగా అడిగేవాళ్లు లేరు.

ఇంకో నెల గడిచాక నాకొక అనుమానం వచ్చింది. పనిచేస్తున్నది వేరా, వేడి పాలా? నా చదువు ఊరుకోనివ్వక అడిగేశాను. "చూద్దాంలె" అని నవ్వింది. వారం తర్వాత గ్లాసు తీసుకుంటూ, "ఎట్ల పండుకుంటున్నవ్ బేటీ?" అంది.

"మస్తు మంచిగ."

"ఆరు దినాలాయె అండ్ల మందు లేదు. వాసన కోసం చిటికెడేసిన, అంతే."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక ఆమె, "అయితే నీకు ఇగ వేరెందుకు? ఉత్త పాలు తాగు" అంది. తన మందు గొప్పదని నిలబెట్టుకోవాలన్న ఆత్రం ఆమె ముఖంలో నాకెక్కడా కనిపించలేదు.

ఆ వాడలోనే సుగుణక్క ఉండేది. బీడీలు చుట్టేది. ఖాలా దగ్గర పొడి తీసుకొని ఇంట్లోనే పాలల్లో కాచుకునేది. ఒకరోజు మా ల్యాబులో నా ఎదుట వచ్చి కూర్చుంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. వారం నుంచి అన్నం సయించడం లేదంది. రిపోర్టు నేనే తీశాను. లివరు దెబ్బతిన్నదని అంకెలు చూడగానే తెలిసిపోయింది. పక్కగదిలో డాక్టరు, "మందులేమన్నా వాడుతున్నవా?" అని అడిగారు. సుగుణక్క నా వైపు చూసి, "ఏం లేదు సార్" అంది. రిపోర్టు పట్టుకొని నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఖాలా పేరు చెప్పడానికి నోరు రాలేదు.

బయటికి వచ్చాక అడిగితే అసలు సంగతి చెప్పింది. తొందరగా గుణం కనిపించాలని అరచెంచా బదులు రెండు చెంచాలు వేసుకుంటోంది. అది చాలదన్నట్టు, ఎవరో ఫోనులో తెప్పించి ఇచ్చిన అశ్వగంధ క్యాప్సూళ్లు కూడా పూటకు రెండు మింగుతోంది.

ఇంటికి వెళ్లి ఖాలాకు చెప్పాను. చేటలో వేర్లు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"డాక్టర్ సాబ్‌కు చెప్పినవా?"

"లేదు ఖాలా."

ఆమె బురఖా వేసుకుంది, పొడి డబ్బా, కొలత చెంచా సంచిలో పెట్టుకుంది, ఆటో ఎక్కింది. ఆమె వెనకాలే నేనూ ఎక్కాను. డాక్టరు ముందు నిలబడి తాను ఎంత ఇచ్చిందో, ఎన్ని రోజుల నుంచి ఇచ్చిందో చెప్పి, క్యాప్సూళ్ల సంగతి కూడా చెప్పింది. గది నిండా జనం ఉన్నారు. నాటు మందులిచ్చి మనుషుల్ని చంపుతారా అని డాక్టరు గట్టిగానే అరిచారు. ఖాలా తల వంచుకొని విన్నది. అరుపు అయ్యాక, "ఇప్పుడు ఆమెకు ఏం చెయ్యాలె సార్, గది చెప్పుండ్రి" అంది. అన్నీ ఆపించి, వారం వారం రక్తం చూడమన్నారు.

మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకొని, పొడి తీసుకెళ్లిన ప్రతి ఇంటికీ వెళ్లింది. తొమ్మిది ఇళ్లు. ఒక ఇంట్లో ముసలమ్మ ఒప్పుకోలేదు.

"నాకు మంచిగనే ఉంది గదా, ఎందుకు ఆపాలె?"

"మంచిగున్నప్పుడే ఆపు అవ్వా. గిది గట్ల గూడ చేస్తదని నాకెరుక లేదు. ఎరుక లేనిది నీకెట్ల ఇయ్యాలె?"

ఇంకో ఇంట్లో, "సుగుణను సంపనీకె సూసినవ్, ఇగ మా మీద పడ్డవా?" అని తలుపు వేసేశారు. ఆమె తర్వాతి ఇంటికి నడిచింది. తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అన్నాను, "క్యాప్సూళ్లతోనే అయ్యుంటది ఖాలా. నీ మీదెందుకు ఏసుకుంటవ్?"

"అయ్యుండచ్చు. గని నా పొడి గూడ ఆమె కడుపులనే ఉండె గదా. మొదటి దినం అడిగిన, ఇంకేమన్న మింగుతున్నవా అని. మల్ల అడగలే. గది నా తప్పే."

ఏది చేటు చేసిందో చివరికి డాక్టరూ తేల్చి చెప్పలేకపోయారు. సుగుణక్క కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. ప్రతివారం రిపోర్టు తెచ్చేసరికి ఖాలా గేటు దగ్గర నిలబడి ఉండేది. అంకె తగ్గిందని చెబితే "షుకర్" అని అల్లాకు చెప్పుకొని లోపలికి పోయేది. అన్నీ సరిగ్గా వచ్చిన రోజు మాత్రం మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత ఎవరడిగినా వేరు ఇవ్వలేదు. గడపలోకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి శొంఠి పాలు ఇచ్చేది, నిద్ర గురించి అడిగేది, నెల దాటినా పట్టకపోతే దవాఖానకు తోలేది. సుగుణక్క కూడా వచ్చి కూర్చునేది. ఖాలా పోయి రెండేళ్లవుతోంది.

పోయినేడు నా చేతుల్లోనే ఒక పొరపాటు జరిగింది. ఇద్దరి రక్తం గొట్టాల మీద పేర్లు తారుమారు చేశాను. షుగరు లేని మనిషికి ఉందని రిపోర్టు వెళ్లింది. సంగతి తెలిసేసరికి మూడు రోజులైంది. మా యజమాని, "ఫోన్ చేసి ఇంకోసారి టెస్టు చేద్దాం రమ్మను, కారణం చెప్పకు" అన్నారు. ఊళ్లోనే ఉన్న రెండో మనిషికి ముందు చెప్పి, నేను రక్తం తీసే సామాను డబ్బా పట్టుకొని బస్సు మారి ఇందల్వాయి వెళ్లాను. ఆ మనిషి వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. అప్పటికే గోలీలు మొదలుపెట్టాడు, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. తప్పు నాది, పేర్లు నేనే మార్చాను, గోలీలు ఆపి ముందు డాక్టరుకు చూపించుకోండి అని చెప్పాను. అతని భార్య చాలాసేపు తిట్టింది. నేను నిలబడి విన్నాను.

ఆమె అలిసిపోయాక ఆయన అడిగాడు, "గింత దూరం ఎందుకొచ్చినవమ్మా? ఫోన్ల చెప్తే అయిపోవు గదా."

నేను డబ్బా తెరిచి కొత్త గొట్టం తీశాను. ఆయన, "సరె, మల్లొకసారి తియ్యి" అని అంగీ చెయ్యి పైకి మడిచాడు. రక్తం తీశాక గొట్టం మీద పేరు రాసి, చదివి చూడమని ఆయన చేతికే ఇచ్చాను. ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుకొని, "నాదే" అన్నాడు.