బూడిద డేగ కోసం ఒక్క అరగంట

క్లారీ హాడ్రిల్ ముప్పై ఒక్కేళ్లు ఆస్ట్రేలియా ఎడారిలో మారీ నుంచి బర్డ్స్‌విల్ దాకా టపా లారీ నడిపాడు. ఆ ఎర్రమట్టి బాటలో ఏ గుంత ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పక్షుల మాటెత్తితే మాత్రం మొహం వేలాడేస్తాడు.

"అన్నీ చూశాను గ్లెండా. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో చూశాను," అంటాడు నాతో.

ఉత్తరాల కోసం కాచుకున్నవాళ్లకి, పిట్ట కనబడి ఆలస్యమైందని చెప్పడానికి అతనికి మొహం చెల్లేది కాదు.

అన్నిటికన్నా బూడిద డేగ మీద అతని ప్రాణం, ఒక్క అరగంట దాన్ని తీరిగ్గా చూడాలని. సగం దారిలోని ఫోన్ టవరు మీద అది ఏటా పిల్లల్ని పెడుతుంది. ముప్పై ఒక్కేళ్లలో అతనికి దక్కింది లారీ అద్దంలో ఒక చుక్క. కిందటి వారం కళ్ల డాక్టరు, చూపు పోతోందని, ఈ శుక్రవారానికల్లా లైసెన్సు అప్పగించమన్నాడు. కొన్నాళ్లు పోతే ఆ చుక్క కూడా కనబడదట. అందుకే బుధవారం పొద్దున్నే, పక్కింట్లో ఉన్న పాపానికి, నన్ను బండెక్కించాడు.

దారిలో ఈము ఒకటి చారల పిల్లల్ని వెంటేసుకుని అడ్డంగా పోయింది. చిలకల గుంపు ఒక్కసారిగా తిరిగి ఆకాశాన్ని పచ్చగా చేసింది. క్లారీ దేనికీ ఆగలేదు.

టవరు దగ్గర కుర్చీలు వేసుకున్నాం. డేగ గూటి మీదే ఉంది. అతను బైనాక్యులర్స్ ఎత్తాడో లేదో, దుమ్ము లేపుకుంటూ ఒక బండి వచ్చి ఆగింది.

"ఏం గురూ, అంతా కులాసాయేనా? నీళ్లున్నాయా?"

డేగ లేచిపోయింది. మా వైపు ఆగిన బండిని పలకరించకుండా పోయేవాడు మనిషి కాడు మరి. గంట తర్వాత ఒక ముసలి జంట ఆగి, వద్దన్నా కేకు పెట్టి వెళ్లారు. విసిగిపోయి నేను అట్టముక్క మీద 'బాగానే ఉన్నాం, ఆగకండి' అని రాసి నిలబెట్టాను. మూడో అతను, ఏం రాశామో చదవడానికి ఆగాడు.

"ముప్పై ఏళ్లు ఆగిన ప్రతి బండినీ పలకరిస్తూ నువ్వు చేసిందీ ఇదే కదా! ఎంతమంది చూస్తున్న పిట్టల్ని ఎగరగొట్టావో!" అన్నాను. క్లారీ నవ్వాడు గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది.

పొద్దు వాలుతుంటే డేగ మళ్లీ వచ్చి కమ్మీ మీద వాలింది. అప్పుడే దూరంగా ఒక బండి ఆగడం చూశాను. చూసీ నోరు మూసుకున్నాను.

"గ్లెండా, ఆ దుమ్ము ఆగిపోయిందేం?"

"నీకెందుకు? నువ్వు పైకి చూడు."

బైనాక్యులర్స్ నా ఒళ్లో పడేసి, బండెక్కి వెళ్లిపోయాడు.

పావుగంటకి తిరిగొచ్చాడు, చెవులు ఎర్రగా. "ఒంటేలుకి ఆగాడు, వెధవ. నేను వెనకనుంచి వెళ్లి, ఏమైనా సాయం కావాలా అని అడిగాను."

పొట్ట పట్టుకుని నవ్వాను. అతను మాత్రం కళ్లు చికిలించి టవరు వంక చూస్తున్నాడు.

"ఉందా?"

"ఇప్పుడే వెళ్లిపోయింది క్లారీ."

వెలుతురు తగ్గిపోతోంది. ఆ వెలుగులో అతనికి ఇక టవరే సరిగా ఆనదు. కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు.

"నువ్వు చూశావుగా. చెప్పు."

"రెక్కల చివర్లు నలుపు. కంటి చుట్టూ పసుపు."

"ఎంత పసుపు?"

"గుడ్డు పచ్చసొనంత."

"కాళ్లు?"

"అవీ పసుపే. ఒక కాలెత్తి మెడ గోక్కుంది."

"ఏ కాలు?"


నాకు గుర్తులేదు. కుడి అన్నాను. అతను తలూపి, ఖాళీ కమ్మీ ఉన్న వైపే చూస్తూ, "మొదట్నుంచీ చెప్పు. నెమ్మదిగా," అన్నాడు.