అంగడి కోసం కట్టిన చీరలు

రమణమ్మకు కుడి భుజం పట్టేసి నెలలు గడిచాయి. చెయ్యి చెవి దాకా లేచిందంటే ఆ పూట బాగున్నట్టే. ఆ చేత్తో పొద్దున్నే బీరువా తలుపు లాగితే పై అరలోంచి చీరలు జారి మీద పడేవి. వాటిని ఎత్తి, మడిచి, కుక్కి, అందులోంచే ఒకటి లాగి కుచ్చిళ్లు పెట్టుకునేసరికి ఇక ఆ రోజు చెయ్యాల్సిన పనంతా అయిపోయినంత అలుపొచ్చేది.

ప్రొద్దుటూరులో వాళ్లది చీరల అంగడి. కొత్త సరుకు దిగితే మొదట ఇంటావిడ కట్టాలని పెళ్లయిన కొత్తలోనే భర్త లక్ష్మీనరసయ్య చెప్పాడు. గుడికో పేరంటానికో కట్టుకుపోతే ఆడవాళ్లు కొంగు పట్టి చూస్తారు, మర్నాడు అంగడికి వస్తారు. ఆయన తల్లీ అట్లాగే కట్టింది. కట్టిన చీరే మళ్లీ కడితే అంగట్లో కొత్తది లేదనుకుంటారట. అట్లా ఒక్కసారి కట్టి మడిచినవే బీరువా నిండా.

ఆ ఆదివారం కోడలు తనూజ అన్నిటినీ మంచం మీద కుమ్మరించింది.

"అత్తా, నీకు ఇష్టమైనయి ఒక పక్క పెట్టు. మిగిలినయి ఇచ్చేద్దాం."

రమణమ్మ ఒక నెమలిరంగు చీర తీసింది. "ఇది శానా బాగా పోయింది పిల్లా. ఒక్కటి మిగల్లేదు."

"పోయిందా లేదా అని కాదత్తా, నీకు నచ్చిందా అని అడుగుతాండా."

"ఏమో. నన్నెవరడిగినారు?"

ఎంతసేపు చూసినా ఆ కుప్పలో ఇష్టమైనదేదో ఆమెకు తేలలేదు. చివరికి ఒంట్లో బాగాలేనప్పుడు ఇంట్లో కట్టుకునే నూలు చీరలు ఏరుకుంది. అవి భుజాన్ని లాగవు.

అంట్లు తోమి లోపలికి వచ్చిన ఓబమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. వేముల ఊళ్లో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి దగ్గర పడింది. పెళ్లికి పనికొస్తాయని రమణమ్మ మిగిలిన కుప్పంతా ఆమె వైపు తోసింది.

"ఇవన్నీ నాకేనా రమణమ్మక్కా? అంగట్లో ఉండే అన్న చూస్తే నన్ను ఈ చీరల్తోనే ఉరేస్తాడు!"

"మూట కట్టుకో. బరువు దిగేది నాకే."

ఆ మూటలో దసరా కోసం మొన్ననే దిగిన మిరపపండు రంగు చీర కూడా పోయింది. అంగట్లో ఆ రకం చీరలు ఇంకా అమ్ముడుపోలేదన్న సంగతి రమణమ్మకు తట్టనే లేదు.

రెండో రోజు మధ్యాహ్నం లక్ష్మీనరసయ్య చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు.

"ఏమే, ఏం పని చేసినావు? ఓబమ్మ ఆ మిరపపండు చీర కట్టుకోని మన అంగడి ముందరే పోతాంది. కొనను వచ్చిన ఆడోళ్లు బేరం కుదిరిన చీర కింద పెట్టేసి, పనిమనిషి కట్టింది మాకెందుకప్పా అని లేచిపోయినారు. ఆ రంగు ఇంక కదల్దు. ఆ ఒక్కటి అడిగి తెప్పియ్యి."

"ఇచ్చింది అడగను. ఆమెకు బాగుందా?"

"ఏంది?"

"ఓబమ్మకు ఆ చీర బాగుందా అని."

లక్ష్మీనరసయ్య చేతిలోని సంచి తెరిచాడు. అందులోంచి పసుపు పట్టుచీర తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "సాయంత్రం అమ్మవారిశాల గుడికి ఇది కట్టుకోనిపో. పోయిన పేరు మళ్లా నిలబడాల."

"నా చేత కాదు. చెయ్యి లేస్తాందా?"

"అయితే కోడలు కడుతుంది. ఇంక ఆ పిల్లే కట్టాల్సింది గదా."

తనూజ వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. రమణమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. ఆ పిల్లది చిన్న బీరువా, ఇంకా నిండలేదు, తలుపు తేలిగ్గా పడుతుంది. రమణమ్మ చీరను ఎడం చేత్తో మడిచి మళ్లీ సంచిలో పెట్టింది.

"ఆ పిల్ల కట్టదు. నేనూ కట్టను. అంగట్లో దండెం మీద వెయ్యండి, కావలసినోళ్లు చూసుకుంటారు."

"మా అమ్మ ఏనాడన్నా ఇట్ల మాట్లాడిందా?"

"ఆమెను కూడా ఎవరూ అడిగుండరు."

సాయంత్రం రమణమ్మ వెలిసిన నూలు చీరలోనే అమ్మవారిశాలకు పోయింది. మెట్ల దగ్గర, ఎప్పుడూ కొంగు పట్టి చూసే పద్మావతమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"ఏం రమణమ్మా, ఈ తడవ మీకు సరుకు దిగలేదా ఏంది?"

"దిగింది. అంగట్లో ఉంది, పోయి చూసుకో."

పద్మావతమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. రమణమ్మ దండం పెట్టుకుని వచ్చి గోడవార చతికిలబడింది. ఇంటికి పోతే భర్త ముఖం మాడ్చుకునే ఉంటాడు, అన్నం ముందు కూడా మాట్లాడడు. ఆ కోపం దిగడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. ఇంకాసేపు ఇక్కడే కూర్చుందామనుకుని కాళ్లు చాపుకుంది.