రెండు కొట్ల మధ్య తక్కెడ పిన్ని

తక్కెడ పిన్ని రోడ్డు దాటితే చాలు, పంచదార ధర దానంతటదే దిగివస్తుంది. రోడ్డుకు అటొకటి, ఇటొకటి రెండు చవక సూపర్ మార్కెట్లున్నాయి. ఎర్రబోర్డు కొట్లో పిన్ని నూనె డబ్బా ఎత్తి చూసి "ఊహూఁ" అన్నదంటే, ఎదురుగా పచ్చబోర్డు కొట్టు మేనేజరుకు పొలమారుతుంది. ఆవిడ తిరిగిన తిరుగుడుకు రోడ్డు మీది తెల్లచారలు అరిగిపోతే మళ్లీ రంగు వేయించారు.

పిన్ని చేసేది ఇస్త్రీ పని. ముందుగదిలో బల్ల, బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, పక్కన ఊళ్లోవాళ్ల చొక్కాల కొండ. వారమంతా ఆ ఆవిరిలో ఉడికే మనిషికి శనివారం పొద్దుటి బజారు ఒక్కటే ఆటవిడుపు. ప్యాకెట్టు మీద ఆవిడ ముందు చూసేది ధర కాదు, బరువు. "ధర పెంచలేదు వదినా, సబ్బునే చెక్కేశారు!" అని పక్కన ఎవరుంటే వాళ్లకు చెబుతుంది. ముందు ఎర్రకొట్లో బండి నింపి, సబ్బుల అర పక్కన నిలిపి, పచ్చకొట్టుకు వెళ్లి ధరలు చూసివస్తుంది. అక్కడ చవగ్గా దొరికేవాటిని ఈ బండిలోంచి తీసేశాకే బిల్లు.

అంతా బాగానే సాగుతుండగా బాబాయి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి ఇంట్లో కుదురుగా ఉంటాడా? మొదటి వారం గోడలకు మేకులు కొట్టాడు. రెండో వారం ఆ మేకులు పీకాడు. మూడో వారం అతని కన్ను పిన్ని సంచి మీద పడింది.

"నువ్వు హాయిగా ఇస్త్రీ చేసుకోవోయ్. బజారు నేను చూసుకుంటా. అర్ధగంట పనికి నువ్వు పూట గడిపేస్తున్నావు."

ఆ సంచి పోతే ఇక వారమంతా ఆవిరే. పిన్ని పైకి మాత్రం నవ్వింది.

"మీకు ఉల్లిపాయలు ఏ వైపున ఉంటాయో తెలుసాండీ?"

"బస్సు నడిపినోణ్ణి, బండి తొయ్యలేనా? పందెం! ఇద్దరం అవే సరుకులు తెద్దాం. ఎవరి బిల్లు తక్కువైతే సంచి వాళ్లది."

శనివారం పిన్ని ముందే బయలుదేరింది. ఎర్రకొట్లో ఆడుతూ పాడుతూ బండి నింపింది, సొట్టపడినందుకు సగం ధరకిచ్చే డబ్బాలతో సహా. బండిని సబ్బుల పక్కన నిలిపి రోడ్డు దాటింది. పచ్చకొట్లో చీటీ చదవబోతే కళ్లజోడు లేదు. వెనక్కి పరిగెత్తింది. సబ్బులున్నాయి, బండి లేదు!

"సర్దేశారు కాబోలు" అనుకుని మళ్లీ మొదలుపెట్టింది. సగం ధర డబ్బాలు అయిపోయాయి. మసకమసకగా కనిపించే అంకెలతో కుస్తీపట్టి, చేతికందినవి వేసుకుని ఇంటికొచ్చింది.

అప్పటికే బాబాయి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పైయింటి టీచరమ్మ రెండు బిల్లులూ చూసి, నొచ్చుకుంటూ చెప్పింది.

"బాబాయిగారిదే తక్కువండీ పిన్నిగారూ."

"చూశావా! అరగంట కూడా పట్టలేదు. నక్క తోక తొక్కి వెళ్లానంటావేమో, కాదు. తెలివి!"

పిన్ని మాట తప్పే మనిషి కాదు, ఖాళీ సంచి మడిచి ఆయన చేతిలో పెట్టి, ఆయన తెచ్చిన సరుకులు సర్దడానికి కూర్చుంది. సొట్ట డబ్బాలు వచ్చాయి. తనెప్పుడూ కొనే సబ్బులొచ్చాయి. ఆ సబ్బుల కింద, రెండు కాళ్లూ ముడుచుకుని, కళ్లజోడు.

పిన్ని దాన్ని తుడిచి పెట్టుకుంది. ఆయన వైపు తిరిగింది.

"దీన్ని ఎంతకు కొన్నారండీ?"

బాబాయి తేలు కుట్టిన దొంగలా కాలు దించాడు.

"అదా... నేనేం దొంగతనం చెయ్యలేదు! ఎవరూ లేని బండి, నిండా సరుకులు. నింపిపెట్టిన బండి కూడా అమ్ముతున్నారేమో, కొత్త ఆఫరేమో అనుకున్నా."

"మరి కళ్లజోడు?"

"సబ్బుల మీద ఫ్రీ అనుకున్నానే!"

టీచరమ్మ గుమ్మానికి ఆనుకుని పొట్ట పట్టుకుంది. పిన్ని చొక్కాల కొండ మీద వాలిపోయి, ఇస్త్రీ చేసినవన్నీ నలిగేదాకా నవ్వింది. ఇక తీర్పెవరు చెప్పాలి? బాబాయే సంచి తెచ్చి ఆవిడ భుజాన తగిలించాడు.

"బజారు నీదే. బండి తోసేవాడిగానైనా పెట్టుకుంటావా?"

"ఆపిన చోట కదలకుండా నిలబడతానంటే!"

ఇప్పుడు శనివారం శనివారం ఇద్దరూ వెళ్తున్నారు. సబ్బుల పక్కన బాబాయి బండికి కాపలా. పిన్ని రోడ్డు మీద అడుగు పెట్టగానే పచ్చకొట్లో ధరలు గజగజ వణికి కిందికి దూకుతాయి. ఈ మాట ఆవిడ దగ్గరే అంటే, చొక్కా కాలరు మీంచి చూపు కూడా ఎత్తకుండా అంది: "కోతలు. శనివారం పొద్దున అందరికీ తగ్గిస్తారు. గుమ్మం దగ్గర బోర్డు పెట్టే ఉంటుంది."