మెడకు గడి లేని కాగితం

పార్శిల్ మీద అతికించడానికి టేపు లాగితే చర్రుమని ఒక శబ్దం వస్తుంది. అది వినిపిస్తే నా చెయ్యి దానంతట అదే చెవి వెనక్కి పోతుంది. మొన్న ధర్మవరంలో కొరియర్ దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు కూడా అదే జరిగింది. కౌంటర్ వెనకున్న ఆమె టేపు లాగింది. నేను మెడ వంచి, రెండు చెవుల వెనకా, జుట్టు మొదలయ్యే చోటా వేళ్లతో తడుముకున్నాను. "ఏమన్నా, ఏదైనా కుట్టెనా?" అని ఆమె అడిగింది. లేదమ్మా అన్నాను. తడిమి చూసి చెప్పాను కాబట్టి అది సున్నా. చూడకుండానే లేదని చెప్పి ఉంటే అది సున్నా కాదు, ఖాళీ. ఈ తేడా నాకు నేర్పిన మనిషి పేరు సువార్తమ్మ. మేమంతా సువార్తక్క అనేవాళ్లం. ముదిగుబ్బకు దగ్గర్లోని ఒక పల్లెలో బట్టలు కుట్టేది. ఆమె నాకు నేర్పినదాంతోపాటు నేను ఆమెకు చేసినదీ చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది దాచడం నేను ఇదివరకే ఒకసారి చేశాను.

నేను చదివింది ఏడో తరగతి వరకే. లెక్కలు మగ్గం దగ్గర నేర్చుకున్నాను. పట్టుచీరకు నిలువు పోగులెన్ని, అంగుళానికి ఎన్ని పడుతున్నాయి, ఎక్కడ తక్కువయ్యాయి, ఇవన్నీ భూతద్దం పెట్టి చూసి చెప్పడం నా పని. మరమగ్గాలు వచ్చి మా మగ్గం ఆగిపోయాక నా భార్య పుట్టిన ఊరు చేరాను. చెనక్కాయ చేలల్లో పని దొరికితే చేసేవాణ్ని, లేని రోజుల్లో సంతలో గొర్రెల తలలు లెక్కపెట్టేవాణ్ని. సువార్తక్క అప్పటికి హిందూపురం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కత్తిరింపు పని చేసి, భర్త పోయాక కుట్టుమిషనుతో తిరిగి వచ్చింది. ఆమె భర్త గొర్రెల కాపరి. పిడుదు కుట్టి, జ్వరం వచ్చి పోయాడని ఊళ్లో అనేవాళ్లు. ఆమె మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేను ఒకసారి అడిగితే, "కుట్టింది నేను చూడల్యా. చూడంది ఎట్ల చెప్పేది?" అంది. సొంత మొగుడి చావు విషయంలో కూడా తెలియనిది తెలియదనే చెప్పే మనిషి.

పిడుదు అంటే గొర్రెల చెవుల్లోనూ తొడల సందుల్లోనూ పట్టుకుని రక్తం తాగే పురుగు. తాగకముందు నువ్వుగింజంత, తాగాక ఆముదం గింజంత. నాలుగు చినుకులు పడి గడ్డి లేచిందంటే కొసల మీద కాళ్లు చాచి కాచుకుని ఉంటుంది. పంచె ఎగగట్టి నడిచే కాపరి పిక్కకు తగులుకుని పైకి పాకుతుంది. సువార్తక్క అనుకున్న పని ఒక్కటే. దాన్ని ఒంటికి అంటనివ్వని బట్ట కుట్టాలి.

ఒకరోజు ఐదు గుడ్డముక్కలు తెచ్చి నా ముందు పరిచింది.

"వీటిల్లో అంగుళానికి పోగులెన్నుండాయో చూడప్పా."

నేను ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి, "ఇది చానా ఒత్తుగా ఉండాదక్కా" అన్నాను.

"చానా అని నేనూ చెప్పగలను. దానికి నీ అద్దమెందుకు?"

సిగ్గుపడి లెక్కపెట్టాను. తర్వాత ఆమె ఒక్కో గుడ్డనూ చెక్కమీద బిగించి, చెక్కను గోడకు ఏటవాలుగా ఆనించి, మందుసీసాలోంచి నాలుగేసి పిడుదులను దాని అడుగున వదిలింది. పలచటి గుడ్డలమీద అవి దారి తెలిసినట్టు ఎక్కిపోయాయి. అన్నిటికన్నా ఒత్తుగా, నున్నగా ఉన్న ఐదో గుడ్డమీద మూడు జారి పడ్డాయి. ఒకటి పైదాకా పోయింది. నేను మూడు అని రాశాను.

"ఆ ఎక్కిందేమాయె?"

"మూడు జారినాయి కదక్కా, మంచిదే కదా."

"జారినవాటితో మనకేం పని? కరిచేది ఎక్కిందే. దాన్ని రాయి ముందు."

అలా ఆ గుడ్డతో పది మంది కాపరులకు పది జతలు కుట్టింది. చీలమండ దగ్గర బిగుతుగా పట్టే ప్యాంటు, దాని అంచు లోపలికి దోపుకోవడానికి మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు, నడుము దగ్గర ప్యాంటుకు కొక్కేలతో తగులుకునే చొక్కా. అన్నీ పాలమీగడ రంగు. పాకే పురుగు కంటికి కనబడాలంటే బట్ట తెల్లగా ఉండాలని ఆమె లెక్క. రోజూ సాయంత్రం గొర్రెలను దొడ్డికి తోలాక నేను పోయి, ఒక్కొక్కరి ఒంటిమీద దొరికిన పిడుదులను తీసి, టేపుకు అంటించి, ఆ టేపు ముక్కను నోటుబుక్కులో అతికించి, పేరూ అది దొరికిన చోటూ రాసేవాణ్ని. పాదం, పిక్క, తొడ, నడుము, మెడ. ప్రతిదానికీ ఒక గడి. గడులు గీసింది సువార్తక్క.

మొదటి వారం అన్ని గడుల్లోనూ సున్నాలే. నేను గంతులేసినంత పని చేశాను. ఆమె నమ్మలేదు. కాపరుల్లో పెద్దవాడు ఓబులేసన్నను నిలదీసింది.

"సాయంత్రం లెక్కకొచ్చినప్పుడు తెల్లగుడ్డల్లోనే ఉండారు సరే. పొద్దంతా యాడుండాయి అవి?"

ఓబులేసన్న తల గోక్కున్నాడు. "యాడుంటాయక్కా, పెట్టెలో. లెక్కకొచ్చే ముందర ఒళ్లు చూసుకోని, నీళ్లు పోసుకోని ఏసుకుంటిమి. ఇంత తెల్లటి కొత్త గుడ్డలు ఏసుకోని కంపచెట్లల్లో తిరుగుతామా? ఆదివారం లేపాక్షికి ఏసుకోని పోయినాము. నంది ముందర ఫోటో దిగినాము, చూడు."

ఫోటోలో పది మంది పెళ్లివారిలా ఉన్నారు. మేజోళ్లు కూడా ఎక్కించారు.

"లేపాక్షి నందికి పిడుదులుంటాయా ఓబులేసా?" అంది సువార్తక్క. అందరితోపాటు తనూ కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నోటుబుక్కు నా చేతికిచ్చి, ఆ వారం సున్నాలన్నీ కొట్టేయమంది. సున్నా అంటే చూసినాము, లేదు అని. ఇది చూసింది కాదు, ఖాళీగా పెట్టు, అంది. నేను డెబ్బై వరసలు కొట్టేశాను. ఆ రాత్రంతా కూర్చుని ఆమె పది ప్యాంట్లకూ మోకాలి దగ్గర పాత గుడ్డతో మాసికలు వేసింది. చిరగని బట్టకు మాసిక వేయడం నేను చూడటం అదే మొదటిసారి. మరుసటి రోజునుంచి వాళ్లు వాటిని పెట్టెలో పెట్టలేదు. మాసిక ఉన్న బట్ట పనిబట్టే కదా.

అప్పుడు వచ్చాయి నిజమైన అంకెలు. పిక్కల మీద దాదాపు అన్నీ సున్నాలు. మెడ దగ్గర మాత్రం పెరిగాయి, ఇన్ని ముందెప్పుడూ లేవని కాపరులే అన్నారు. ఓబులేసన్నకు ఒక్కరోజే మెడమీద నాలుగు. కారణం ఆమే పట్టింది, వాళ్ల భుజంమీది కంబళి. నీడకు కూర్చుంటే కంబళి గడ్డిమీద పరుస్తారు, లేస్తే భుజాన వేసుకుంటారు. నున్నటి బట్టమీద జారిపోయే పిడుదు కంబళి పట్టుకుని నేరుగా మెడ దగ్గరికి చేరుతోంది.

"కంబళి ఇంటికాడ పెట్టి పో ఓబులేసా, నెల రోజులు."

"అది లేకుండా పోతే గొర్రెలే నన్ను గుర్తుపట్టవక్కా."

ఆమె రెండోసారి అడగలేదు. చొక్కా కాలరుకు బొత్తాలతో తగిలించుకునే ఒక తెర కత్తిరించింది. చెవుల మీదుగా వచ్చి గడ్డం కింద బిగుసుకుంటుంది. ఓబులేసన్న దాన్ని తలకు చుట్టుకుని, "పెండ్లికూతురు మాదిరి ఉండానా?" అని సిగ్గుపడ్డట్టు నటించాడు. చెమటకు ఊపిరాడడం లేదన్నాడు. ఆమె దాన్ని విప్పింది, మళ్లీ కత్తిరించింది. ఇంకో నెల పడుతుందని చెప్పింది.

ఆ నెలలోనే ఒక సంస్థవాళ్లు ఆ బట్టల సంగతి విన్నారు. మండలంలోని కాపరులందరికీ ఇస్తామన్నారు. సారు ఒకాయన అచ్చు ఫారంతో వచ్చిన రోజు సువార్తక్క ఊళ్లో లేదు. పలచటి గుడ్డ వెతుక్కుంటూ హిందూపురం పోయింది. నేను నోటుబుక్కు చూపించాను. ఆయన పేజీలు తిప్పి, టేపు ముక్కలు చూసి, మా ఆఫీసులో డిగ్రీలు చదివినోళ్లు కూడా ఇంత పద్ధతిగా చేయరయ్యా అన్నాడు. నా జీవితంలో అలాంటి మాట నాతో అన్నవాళ్లు లేరు.

ఫారంలో పాదం, పిక్క, తొడ, నడుము ఉన్నాయి. చివర 'ఒంటిమీద మొత్తం' అని ఒక గడి ఉంది. మెడకు గడి లేదు.

"సార్, మెడ?"

"ప్యాంటు మెడకు వేసుకుంటారా ఏంది?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అది కలిపితే పైనోళ్లు వెనక్కి పంపుతారు. వచ్చే ఏడు చూద్దామంటారు. ఈ వానలకు ఎంతమందికి కాళ్లు కాపాడొచ్చో నువ్వే లెక్కేసుకో."

నేను లెక్కేసుకున్నాను. కాళ్లను మాత్రమే వేసుకున్నాను. నాలుగు గడులూ కూడి మొత్తం రాశాను. అడుగున 'లెక్క చేసినవారు' అని అచ్చులో ఉంది. అక్కడ నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. కాపరుల మేలు కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ గడిలో నా పేరు చూసుకోవడం కోసం కూడా చేశాను.

ఊరికి తిరిగొచ్చాక ఆమె ఫారం సంగతి అడిగింది. మెడ మాట చెప్పినావా అంది. చెప్పినానక్కా అన్నాను. అది అబద్ధం కాదు. చెప్పాను, రాయలేదు.

ఎక్కడో కుట్టించిన బట్టలు వానలకు ముందే సంచుల్లో వచ్చాయి. తెర లేదు. సంచిమీద పెద్ద అక్షరాలతో 'పిడుదుల నుంచి పూర్తి రక్షణ' అని ఉంది. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. మావైపు కాపరులకు ఒక అలవాటు ఉండేది. గొర్రెలను దొడ్డికి తోలాక ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరి మెడ ఒకరు, చెవుల వెనక, జుట్టు లోపల వెతుక్కునేవాళ్లు. కోతులు కూర్చున్నాయని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఎవరూ నేర్పకుండా తాతలనాటినుంచి ఉన్న అలవాటది. పూర్తి రక్షణ ఉన్నాక ఇంకెందుకని ఆ వానల్లో అది మానేశారు. ఒక బట్ట ఇచ్చి ఉన్న కాపలా తీసేశాం.

ఓబులేసన్నకు జ్వరం పట్టుకుంది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. ఒంటిమీద దద్దుర్లు లేచి, మాట తడబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కుడిచెవి వెనక నల్లటి పెచ్చు డాక్టరు కంట పడింది. పిడుదు కుట్టిన చోటు అదేనని, ముందే తెచ్చి ఉంటే బాగుండేదని అన్నాడట. ప్రాణం దక్కింది. రెండు చెవులకూ వినికిడి పోయింది. మందలో ఏ పిల్ల అరిచిందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఆ ఎండాకాలంలోగా గొర్రెలన్నీ అమ్మేశాడు.

ఆయన భార్య ఆ తెల్లబట్టలు తెచ్చి సువార్తక్క వాకిట్లో విసిరేసింది. "పూర్తి రక్షణంటివే, యాడుండాది రక్షణ? నీ మొగున్ని తిన్నది చాలకపోయెనా?" అని వీధి వీధంతా వినేలా తిట్టింది. సంచిమీద మాట సువార్తక్కది కాదు. తెర లేకుండా పంపమన్నదీ ఆమె కాదు. నేను పక్కింటి అరుగు దగ్గరే ఉన్నాను. ఒక్క అడుగు ముందుకు వేయలేదు. సువార్తక్క బట్టలు ఏరుకుని, మడిచి, లోపలికి పోయింది.

మరుసటి రోజు నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మెడ అంకెలున్న పేజీ తీసి, నా చేతిరాత మీద వేలు పెట్టింది.

"ఇది యాడికి పోయిందప్పా?"

"ఫారంలో గడి లేదక్కా."

"మొత్తం అనేది ఉండె కదా?"

ఆమె అరుస్తుందేమోనని చూశాను. అరిచి ఉంటే బాగుండేది. నోటుబుక్కు గడపమీద పెట్టి, "ఉంచుకో. నీ చేతిరాతే కదా" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఊళ్లో ఎవరికీ నా పేరు చెప్పలేదు. కుట్టుపని తెచ్చేవాళ్లు తగ్గిపోయి, మిషను అమ్మేసి, మళ్లీ ఫ్యాక్టరీ పనికి చిలమత్తూరు వైపు పోయింది. రెండేళ్ల కిందట అక్కడే పోయింది. సమాధి చేసేటప్పుడు నేను సమాధుల తోట గోడ బయట నిలబడ్డాను. లోపలున్నవాళ్లను లెక్కపెట్టాను. పదకొండు మంది.

ఆ మరుసటి వారం ఓబులేసన్న ఇంటికి పోయాను. వాకిట్లో మంచంమీద ఆయన, చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. దగ్గరగా వంగి, "అన్నా, ఆ మెడ లెక్క దాచింది సువార్తక్క కాదు, నేను" అన్నాను. ఆయన నవ్వుతూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగ చెప్పప్పా. కొంచెం కొంచెం ఇనపడతాది, గట్టిగ అరిస్తే." నలుగురూ నావైపు చూశారు. నేను మంచినీళ్లు అడిగి, తాగి, వచ్చేశాను.

నోటుబుక్కు నా దగ్గరే ఉంది. టేపు పసుపుపచ్చగా మారింది. దానికింద పిడుదులు ఎండి గడ్డిపొట్టులా ఉన్నాయి గాని లెక్క తప్పలేదు. ఇప్పుడు ఏది లెక్కపెట్టినా ముందు కాగితంలో లేని గడి ఏదో వెతుకుతాను. దాన్ని చేత్తో గీసుకుంటాను. నాతో పని చేయించుకునేవాళ్లకు అది విసుగు. సువార్తక్క పని నా చేతుల్లో ఇలా మిగిలింది. ఇదంతా మీకు రాస్తున్నానే గాని, ఓబులేసన్నకు చదువు రాదు. ఆయనకు చెప్పాలంటే వీధంతా వినేలా అరవాలి. నాలుగుసార్లు పోయాను ఇంతవరకు. నాలుగుసార్లూ మంచినీళ్లే తాగి వచ్చాను.