కొండచిలువ పిల్ల అన్నారు

జంతుశాస్త్రం చదివిన కోడలు ఉద్దానంలో దేనికి పనికొస్తుందని మా అత్తవారింట్లో అందరికీ అనుమానమే. భావనపాడు నుంచి చేపలొస్తే నేను వాటి జాతి చెప్పబోతాను, వాళ్లకేమో పులుసు కావాలి.

పలాస కాలేజీలో పిల్లలకి పాఠం చెబుతూ ఉంటాను: పోలిక వేరు, చుట్టరికం వేరు. తమలో తాము కలిసి పిల్లల్ని కని, ఆ పిల్లలకూ పిల్లలు పుడితేనే ఒక జాతి. మచ్చలు కలిసినంత మాత్రాన కాదు.

ఆ పొద్దున అత్త తోటలో జీడిపిక్కలు ఏరుతూ ఎండుటాకుల్లో చెయ్యి పెట్టింది. పాము కరిచింది. మరిది కర్రతో దాని తల చితక్కొట్టి, తోక పట్టుకుని తెచ్చాడు.

"కొండసిలవ పిల్ల వదినా. మచ్చలు సూడు. ఇసం నేదు."

నేను దాని వీపు తడిమాను. గరుకు. మచ్చలు గొలుసులా మూడు వరసలు.

"కొండచిలువ ఒళ్లు నున్నగా ఉంటుంది. ఇది రక్తపింజరి. బండి తియ్యి. రంగు కలిస్తే చుట్టాలైపోతారా? అలాగైతే నువ్వూ మన దున్నపోతూ అన్నదమ్ములే!"

"సూసినావేటే అమ్మా, వదిన సచ్చిన పాముకి కూడా పరీచ్చ పెడతంది!"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. నాకు నోరుందని ఊరందరికీ తెలుసు. నోరున్నదాని మాట వినక్కర్లేదని కూడా తెలుసు.

మధ్యాహ్నానికి చెయ్యి మోచేతి దాకా వాచింది. మొహం ఉబ్బింది. ఆసుపత్రికి పదమని బలవంతం చేస్తే అత్త కసిరింది.

"ఉబ్బడం నాకు కొత్తేటే? కిడ్నీ ఉన్నదాన్ని. మాత్రేసుకుంటే తగ్గిపోద్ది."

మా ఊళ్లో మొహం ఉబ్బినా, మూత్రం ఆగినా ఒకటే పేరు, కిడ్నీ జబ్బు. ఆ గాటన కట్టేశాక ఇంకెవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు.

సాయంత్రం చిగుళ్ల నుంచి రక్తం కారింది. అప్పుడు కదిలాడు మరిది. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు మేం తెచ్చిన పామును చూడగానే రక్తపింజరి అన్నాడు, సూదిమందు ఎక్కించాడు. ఆలస్యమైందన్నాడు, ఉన్న కిడ్నీలే అంతంత మాత్రం, విషం వాటినే పట్టిందన్నాడు. అత్త ఆ మంచం దిగలేదు.

పెద్దకర్మనాడు పక్కింటావిడ అంది, "పాపం, కిడ్నీతో పోనాదట."

"పాము కరిచి పోయింది."

"ఏదైతే ఏటమ్మా, ఆకరికి పోనవి కిడ్నీలే కదా."

నేను వాదన మాని విస్తళ్లు అందుకున్నాను. అక్కడున్నవాళ్లు నన్ను వింతగా చూశారు.

మొన్న వానలకి మరిది మళ్లీ ఒక పామును కొట్టి తెచ్చి వాకిట్లో పడేసి, దూరంగా నిలబడ్డాడు.

"వదినా, తడిమి సెప్పు."

తడిమాను. నున్నగా ఉంది.

"కొండచిలువ పిల్ల," అన్నాను.

చచ్చిన పామే, అయినా వాడు చేతిలో కర్ర కింద పెట్టలేదు.