మ్యాపులో లేని మడుగు

మా మేడమ్ గారు పోయారన్న కబురు నాకు తెనాలి నుంచి రాలేదు, రేపల్లె నుంచి వచ్చింది. అక్కడి కాలువల్లో చేపలు పట్టే పెద్దాయన, మేమంతా బాబాయి అని పిలిచే మనిషి, ఫోన్ చేసి, "అమ్మాయ్, మన మేడమ్ గారు ఇక లేరంట. మేం బయల్దేరుతున్నాం, నువ్వూ వచ్చెయ్" అన్నాడు. అప్పుడు నేను బాపట్లలో క్లాసు చెబుతున్నాను. పిల్లలు చూస్తుండగానే ఏడ్చేశాను.

తెనాలి కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు, తరవాత నా పరిశోధనకు గైడ్ అయ్యారు. ఆదివారం గంజి పెట్టిన చీరలో చర్చికి వెళ్లే మనిషి, సోమవారం ఆ కుచ్చెళ్లు ఎగ్గట్టి బురదలో దిగేవారు. నాకేమో జలగలంటే భయం. "జలగ తాగే రక్తమెంతమ్మా, రోజూ నువ్వు నా బుర్ర తినడం లేదూ" అనేవారు. చేపను నీళ్ల బేసిన్‌లోనే కొలిచి అక్కడే వదిలెయ్యాలి. సీసాలో పెట్టి తెస్తే ఆ రోజంతా మాతో మాట్లాడేవారు కాదు.

నా పరిశోధన కొర్రమీను మీద. ఎండాకాలం కాలువలకు నీళ్లు కట్టేశాక తల్లి చేపలు ఎక్కడ తలదాచుకుంటాయో తెలుసుకోవాలి. రెండేళ్లు వెంట తిరిగాక బాబాయి నన్ను నమ్మి ఒక మడుగు చూపించాడు. ఎండాకాలంలో అక్కడ వాళ్లెవరూ వల వెయ్యరు. నేను పొంగిపోయి, దానికి చక్కగా మ్యాపు గీసి థీసిస్‌లో పెట్టాను.

మేడమ్ అంతా చదివి, "పద, వాళ్లకి చదివి వినిపించు" అన్నారు. చేపలు పట్టేవాళ్లు నా థీసిస్ వినడమేంటి అనుకున్నాను. అప్పుడు నాకు అంత పొగరు. రేపల్లె వెళ్లి, పడవల పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను. మ్యాపు దగ్గరికి వచ్చేసరికి ఒకాయన అల్లుతున్న వల పక్కన పెట్టేశాడు.

చివరికి బాబాయే అన్నాడు. "ఇది అచ్చేస్తే, కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్లు ఒక్క పూటలో ఊడ్చేస్తారమ్మా. నీకు చూపించాను గానీ ఊరందరికీ చూపించలేదు కదా."

తిరుగు బస్సులో, "అది తీసేస్తే నా డిగ్రీ పోతుంది మేడమ్" అన్నాను.

"పోతే ఇంకో థీసిస్ రాయిస్తాను. ఆ మడుగు పోతే నువ్వు ఇంకోటి తవ్విస్తావా?" అన్నారు. మ్యాపు తీసేశాను. ఆ చేపలు పట్టేవాళ్ల పేర్లు మాత్రం, వాళ్లు సరేనన్నాక, నా పేరు పక్కనే వేయించారు మేడమ్.

వైవాలో, బయటి నుంచి వచ్చిన పెద్ద సార్ నిలదీశారు. "చోటు చెప్పకుండా ఎలా నమ్మమంటారు?"

"అది చెప్పే హక్కు నాది కాదండి" అన్నాను.

మేడమ్ లేచి తలుపు తీశారు. ముందే పిలిపించారేమో, బాబాయి వరండాలో ఉన్నాడు. లోపలికొచ్చి, ఏ నెలలో కొర్రమీను ఎలాంటి చోట గుడ్లు పెడుతుందో, పిల్లల్ని ఎన్నాళ్లు కాస్తుందో తాపీగా చెప్పుకుపోయాడు. సార్ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. మడుగు ఊసు మళ్లీ ఎత్తలేదు. నెగ్గాం. సాయంత్రం మేడమ్ మాకందరికీ తెనాలిలో టిఫిన్ పెట్టించారు. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ రోజే.

ఆవిడను సాగనంపిన వారానికి నా విద్యార్థుల్ని రేపల్లె తీసుకెళ్లి బాబాయి పడవ ఎక్కించాను. కాలువ నిండుగా పారుతోంది. ఒకప్పుడు వానాకాలమంతా వెతికితే ఒక్క గుంపు దొరికేది. ఆ రోజు ఎటు చూసినా గుంపులే, బొటనవేలంత కూడా లేని ఎర్రటి కొర్రమీను పిల్లలు. కింద తల్లులు కాపలా. ఒక అమ్మాయి ఫోన్ తీసి, ఆగి, "తియ్యొచ్చా బాబాయ్ గారూ?" అని అడిగింది.

"లొకేషన్ ఆపేసి తియ్యమ్మా" అన్నాడాయన. ఆపేసింది. బాబాయి తెడ్డు పైకెత్తి పడవను ఆపాడు. ఎర్ర గుంపు చెదరకుండా, తీరిగ్గా, మా ముందు నుంచి దాటిపోయింది.